దోమ విమానం రెక్క ఎందుకు విరిగినది?

ఎడ్లబండ్లకు కర్రచక్రాలు ఉన్న రోజులలో కర్నూలు, కడప జిల్లాల బండివారికి వేసవి వచ్చినదంటే ఒక బెంగ పట్టుకొనేది. వైశాఖమాసపు ఎండలకు చక్రంలోని కర్ర ఎండి కుంచించుకొనిపోయేది, ఆకులు వదులయ్యేవి, చక్రం చుట్టూ బిగించిన ఇనుప పట్టా కదిలి గలగలలాడేది. ఆ స్థితిలో బరువు వేసి తోలితే నడి దారిలో చక్రం విడిపోవడం ఖాయం. అందుచేత బండివాడు చక్రాలు ఊడదీసి, నీళ్ళున్న కుంటలోనో, కె.సి. కాలువ పారుతున్నన్నాళ్ళు కాలువలోనో నానవేసేవాడు. నీరు పీల్చుకొని కర్ర ఉబ్బేది. పట్టా మళ్ళీ బిగిసేది. తలుపుల సంగతి దీనికి ఎదురు. చైత్రంలో సందులు చూపించే తలుపు శ్రావణంలో గడపకు పట్టుకొని మూతపడనని మొరాయిస్తుంది.

కర్ర ప్రాణం పోయిన తరువాత కూడ గాలిలోని తేమను పీల్చుతూ, వదలుతూ ఉంటుందన్న ఈ మాట రాయలసీమలో బడికి పోని వడ్రంగికి కూడ తెలుసును. 1944లో ఈ మాటే కొందరు యువ వైమానికుల చావుబ్రతుకుల సమస్య అయినది. వారి విమానం కర్రతో చేసినది. వారిలో పలువురు యుద్ధరంగంలో కాక, కొత్త విమానాన్ని నేర్చుకొనే అభ్యాస యానాలలో మరణించారు. ఆ మరణాలకు కారణమేమని అడిగినప్పుడు వచ్చిన మొదటి జవాబు, “ఈ దేశపు వాతావరణం” అని. ఆ జవాబు ఎంతవరకు నిజమో విచారించడమే ఈ వ్యాసం పని.

కడప నుంచి నైరుతిగా ఆకాశమార్గాన సుమారు 200 కిలోమీటర్ల దూరంలో, బెంగుళూరు శివారున యలహంక ఉన్నది. అంతకంటె దగ్గరగా, సుమారు 165 కిలోమీటర్లలో కోలారు ఉన్నది. ద్వితీయ ప్రపంచ యుద్ధకాలంలో ఈ రెండు చోట్లా బ్రిటిషు విమానదళపు శిక్షణ క్షేత్రాలు ఉండేవి. కోలారులో నాలుగు ఇంజనుల లిబరేటరు బాంబరు విమానాలను నడపడం నేర్పేవారు. యలహంకలో రెండు ఇంజనుల మస్కిటోలను నేర్పేవారు. మస్కిటో అంటే దోమ. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి యలహంక నుంచి కడప 25 నిమిషాల దూరం; కర్నూలు 40 నిమిషాల లోపు. బండిమీద వారం పట్టే దారి అది.

దక్కను పీఠభూమిమీద శిక్షణ క్షేత్రాలు వెలయడానికి కారణం స్పష్టమే. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంమీద, కాకినాడమీద బాంబులు వేశాయి. తూర్పుతీరం శత్రువుకు అందుబాటులో ఉన్నదని ఆనాటితో తేలిపోయినది. పీఠభూమి మాత్రం సముద్రానికి దూరం, గాలి పొడి, సంవత్సరంలో ఎక్కువ రోజులు ఆకాశం నిర్మలం. నేర్చుకొనేవారికి ఇంతకంటె అనువైన ఆకాశం దొరకదు.

యుద్ధంలో వైమానికుడు చనిపోయాడంటే శత్రువు తుపాకికి గురియై ఉంటాడని మనం అనుకొంటాము. లెక్కలు వేరుగా ఉన్నవి. ఐరోపా రంగంలో పోరాడిన బ్రిటిషు బాంబరు దళంలో మొత్తం మృతులు 55,573 మంది. వారిలో 8 వేలకు పైగా శిక్షణలోను, యుద్ధంతో సంబంధంలేని ఇతర ప్రమాదాలలోను పోయినవారే. అనగా ఏడుగురిలో ఒకరు శత్రువును చూడకుండానే పోయాడన్నమాట. రాత్రివేళ దారి తప్పడం, మబ్బులో కొండను ఢీకొనడం, పాతబడిన ఇంజను ఆగిపోవడం, చేయి తిరగని కుర్రవాడు నేలకు దూరం తప్పుగా అంచనా వేయడం, ఇవే సాధారణ కారణాలు. భారతదేశంలోనూ ఇవన్నీ ఉండేవి. మస్కిటో విషయంలో వీటికి తోడు మరొక కారణం వచ్చి చేరినది.

ఇక్కడ ఒక పేరు చెప్పుకోవాలి. బ్రిటిషు విమానదళంలో 45వ స్క్వాడ్రను 1944 ఆరంభంలో తన పాత వెంజెన్స్ బాంబర్లను విడిచి, మస్కిటోలను నేర్చుకొనడానికి యలహంక వచ్చినది. దాని నాయకుడు ఆస్ట్రేలియా దేశీయుడైన వింగ్ కమాండరు హార్లీ స్టమ్. స్క్వాడ్రను ఇంకా కొత్త విమానంతో యుద్ధరంగంలో అడుగుపెట్టక ముందే, 1944 మే 13న ఆయన తన మస్కిటోతో పాటు కూలి మరణించాడు. అనుభవం లేని కుర్రవాడు కాదు. ఇతరులకు నేర్పవలసిన నాయకుడు. ఆ తరువాత కొద్ది నెలలలోనే ఆ దళంలోను, దాని సోదర దళాలలోను, మరికొందరు నేర్పరులైన వైమానికులు ఇట్లే పోయారు. “నడపడం చేతకాక” అని తోసివేయడానికి వీలులేని ప్రమాదాలు అవి.

విమానాలన్నీ అల్యూమినియంతో తయారవుతున్న కాలంలో ఒకరు కర్రతో బాంబరు చేయబూనడం విచిత్రంగా తోచవచ్చును. ఇంగ్లండులోని డి హావిలాండ్ కంపెనీవారి వాదన ఇది: యుద్ధం వస్తే అల్యూమినియం కరువవుతుంది, లోహకార్మికులు దొరకరు, కాని కుర్చీలు, బల్లలు, పియానోలు చేసే వడ్రంగులు దేశమంతటా ఉన్నారు. వారి చేతికి పని ఇస్తే విమానాలు వస్తాయి. ప్రభుత్వం మొదట నమ్మలేదు. 1940 నవంబరు 25న మొదటి మస్కిటో గాలిలోకి లేచినది. దాని వేగం చూచిన తరువాత నమ్మక తప్పలేదు. తనను తాను కాపాడుకొనడానికి తుపాకులు పెట్టుకొనక, వేగంతోనే తప్పించుకొనే బాంబరు అది. ఇద్దరే మనుషులు: చోదకుడు, అతని ప్రక్కనే దారి చూపే నావిగేటరు. తరువాతి రకాలలో కొన్నింటికి తుపాకులు కూడ అమర్చారు. అన్ని దేశాలలో కలిపి 7,781 మస్కిటోలు తయారైనవి.

దాని నిర్మాణం తెలుసుకొనదగినది. విమానం మొండెం రెండు సగాలుగా, చింతకాయ డొల్లను నిలువునా చీల్చినట్లు, అచ్చులమీద తయారయ్యేది. ప్రతి సగంలోను రెండు పలుచని బర్చి ప్లైవుడ్ పొరలు. వాటి నడుమ బాల్సా కర్ర. ఈక్వడారు అడవులలో పెరిగే బాల్సా ప్రపంచంలో అతి తేలిక కర్రలలో ఒకటి. ఘనసెంటీమీటరుకు సుమారు 0.16 గ్రాములు మాత్రమే తూగుతుంది. కడప కొండల ఎర్రచందనం చేవ దీనికి సరిగ్గా వ్యతిరేకం; నీటిలో వేస్తే మునుగుతుంది. రెండు గట్టి పలుచని పొరల నడుమ ఒక తేలిక పొరను ఇరికిస్తే, బరువు పెరగకుండానే బిరుసుతనం ఎన్నో రెట్లు పెరుగుతుంది. రెక్క ఒకే ముక్క. కొననుంచి కొనకు 16.5 మీటర్లు. దాని లోపల నిలువునా రెండు పెట్టె దూలాలు స్ప్రూస్ కర్రతోను, ప్లైవుడ్‌తోను చేసినవి. దూలాలపైన ప్లైవుడ్ తొడుగు. దీనినంతటినీ కలిపి పట్టి ఉంచేది జిగురు. ఇత్తడి మరలు కొన్ని ఉన్నా, అవి జిగురు ఆరేవరకు ముక్కలను అదిమిపట్టడానికే ఎక్కువగా ఉపయోగపడేవి.

కర్రమీద చివరగా ఒక నేతబట్ట అంటించి రంగు పూసేవారు. ఆ బట్టపేరు “మాడపొల్లం”. తెలుగు పాఠకులు ఈ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగవచ్చును. గోదావరి తీరాన నరసాపురం దగ్గరి మాధవాయపాలెంలో ఈస్టిండియా కంపెనీవారికి బట్టల వర్తకస్థానం ఉండేది. అక్కడినుంచి పోయిన సన్నని నూలుబట్టకు ఆంగ్లేయుల నోట పలికిన ఊరిపేరే స్థిరపడినది. తరువాత ఆ రకం బట్టను వారి దేశపు మిల్లులు నేసినా పేరు మాత్రం మారలేదు. ఆ విధంగా మన పల్లె పేరొకటి మస్కిటో ఒంటిమీద ఉన్నది.

ఇక జిగురు. మొదట వాడినది కేసీన్ జిగురు. పాలు విరిగినప్పుడు గడ్డకట్టే మాంసకృత్తే కేసీన్. దానిని ఆరబెట్టి, పొడిచేసి, సున్నంతోను కొన్ని సోడియం లవణాలతోను కలిపి నీటిలో నానిస్తే గట్టి జిగురు తయారవుతుంది. పొడి వాతావరణంలో ఇది చాల బలమైనది. కాని ఇది ఆహారపదార్థం కదా! వేడి, తేమ కలిసినచోట బూజు, సూక్ష్మజీవులు దీనిని తింటవి. కాబట్టి క్రమంగా కేసీనుకు బదులు యూరియా, ఫార్మాల్డిహైడ్‌లతో చేసిన కృత్రిమ రెసిను జిగురు వాడుకలోకి వచ్చినది. యూరియా రైతు పొలంలో చల్లేది. ఫార్మాల్డిహైడ్ జీవశాస్త్ర ప్రయోగశాలలో సీసాలలోని కప్పలను చెడకుండా ఉంచే ఫార్మలిన్‌లోనిది. ఈ రెండింటి అణువులు ఒకదానికొకటి గొలుసుగా, వలగా అల్లుకొని, ఒకసారి బిగిస్తే మళ్ళీ నీటిలో కరగని గట్టిపదార్థం అవుతవి. సూక్ష్మజీవులు దీనిని తినలేవు. అయితే దీనికీ ఒక నియమం ఉన్నది. అంటించే రెండు తలాలు ఒకదానికొకటి చక్కగా ఆనుకొని, నడుమ జిగురు పలుచని పొరగా ఉండాలి. సందు ఎక్కువై జిగురు మందంగా పేరుకొంటే, ఆ పొర తనంతట తానే సన్నని బీటలు వేస్తుంది.

1943లో కొద్ది మస్కిటోలను మన దేశానికి తెచ్చి వాతావరణానికి తట్టుకొంటవో లేదో చూచారు. మరుసటి సంవత్సరం బర్మారంగం కోసం ఒక్కొక్క స్క్వాడ్రనుకే వీటిని ఇవ్వసాగారు. 45, 82, 47, 84, 110 సంఖ్యల దళాలు ఆ విధంగా మస్కిటో దళాలయ్యాయి. వీటిలో 110వ దానికి “హైదరాబాదు స్క్వాడ్రను” అని పేరు. ప్రథమ ప్రపంచ యుద్ధకాలంలో, 1918లో, ఆ దళపు డి.హెచ్. 9ఎ విమానాలను నిజాం ప్రభువు తన ఖర్చుమీద ఇప్పించడంచేత ఆ పేరు వచ్చినది. డి.హెచ్. అన్న అక్షరాలు డి హావిలాండ్ పేరులోనివే. 1939 సెప్టెంబరు 4న, యుద్ధం ప్రకటించిన మరునాడే, జర్మనీ నౌకలమీద జరిగిన మొదటి బ్రిటిషు బాంబుదాడిలో ఈ హైదరాబాదు దళం పాల్గొన్నది.

1944లో వర్షాకాలం ముగిసే సమయానికి ప్రమాదాలు వరుసగా వచ్చాయి. అక్టోబరు, నవంబరు నెలలలో మస్కిటోలు గాలిలోనే ముక్కలయ్యాయి. వీటిలో కొన్ని లక్ష్యంమీద బాంబువేసే అభ్యాసంలో ఉన్నవి. రెక్క పై తొడుగు దూలంనుంచి లేచిపోయినట్లు శకలాలలో కనిపించినది. మస్కిటోలను ఎగరనీయక ఆపి, రెక్కలు పరీక్షించసాగారు. యలహంకలో అప్పుడే మస్కిటోలు అందుకొన్న 47వ స్క్వాడ్రను వాటిని విడిచి, తన పాత లోహవిమానాలైన బ్యూఫైటర్లకు తిరిగి వెళ్ళవలసి వచ్చినది.

అభ్యాసంలోనే రెక్క ఎందుకు తెగవలెను? భౌతికశాస్త్రం చదివే విద్యార్థి ఒక చిన్న లెక్కతో దీనిని గ్రహించవచ్చును. బాంబు వేయడానికి విమానం క్రిందికి దూకి, తరువాత ముక్కు పైకెత్తి వంపు తిరుగుతుంది. వేగం సెకనుకు 150 మీటర్లు, వంపు వ్యాసార్థం 750 మీటర్లు అనుకొందాము. వేగపు వర్గాన్ని వ్యాసార్థంతో భాగిస్తే, సెకనుకు సెకనుకు 30 మీటర్ల త్వరణం వస్తుంది. ఇది భూమ్యాకర్షణకు ఇంచుమించు మూడురెట్లు. విమానం సొంత బరువు ఒక రెట్టు కలిపితే నాలుగురెట్లు. బరువు 9 టన్నులైతే, ఆ క్షణంలో రెక్క మోయవలసినది 36 టన్నులు! రెక్క వైశాల్యం సుమారు 42 చదరపు మీటర్లు. అంటే ప్రతి చదరపు మీటరుకు 850 కిలోగ్రాముల పైమాట. ఈ బలంలో ఎక్కువభాగం క్రిందినుంచి నెట్టేది కాదు. రెక్కపైన పీడనం తగ్గడంవల్ల పైతొడుగును పైకి పీల్చేది. ఆ తొడుగును దూలానికి పట్టి ఉంచవలసినది జిగురు. నేరుగా పోయే విమానంలో సగం అంటిన జిగురు కూడ ఎన్నో గంటలు నిలవవచ్చును. దూకి లేచిన ఆ రెండు మూడు సెకనులలో దాని గుట్టు బయటపడుతుంది. అప్పుడు చోదకునికిగాని, ప్రక్కనున్న నావిగేటరుకుగాని చేయగలిగినదేమీ ఉండదు. నేల చాల దగ్గర.

కారణం కనిపెట్టడానికి కంపెనీ తరఫున ఒక బృందం భారతదేశం వచ్చినది. దాని నాయకుడు మేజర్ హెరవర్డ్ డి హావిలాండ్, కంపెనీ స్థాపకుడైన సర్ జాఫ్రీ డి హావిలాండ్‌కు సోదరుడు. ఆయనను స్వలాభపరుడని తేలికగా అనడం న్యాయం కాదు. ఆ కుటుంబం కూడ మస్కిటోకు బలి ఇచ్చినదే: సర్ జాఫ్రీ కుమారుడు జాన్ 1943 ఆగస్టు 23న రెండు మస్కిటోలు గాలిలో ఢీకొన్నప్పుడు మరణించాడు. 1944 డిసెంబరు మొదట్లో హెరవర్డ్ బృందం నివేదిక ఇచ్చినది. జిగురు చెడిపోవడం ప్రమాదాలకు కారణం కాదు. వర్షాకాలపు వాతావరణంలో విమానపు కర్ర కుంచించుకొనడమే కారణం, అని దాని సారాంశం.

ఈ మాటలో శాస్త్రం లేకపోలేదు. గాలిలోని సాపేక్ష ఆర్ద్రత నూటికి 30 ఉన్నచోట, అనగా రాయలసీమ వేసవి మధ్యాహ్నంలో, కర్రలో నిలిచే తేమ దాని పొడి బరువులో సుమారు నూటికి 6 వంతులు. ఆర్ద్రత 80 ఉన్నచోట, వానాకాలపు బెంగాలులోవలె, అది సుమారు 16 వంతులకు పోతుంది. ఈ 10 వంతుల తేడాకు కర్ర నిలువు పోగుల దిశలో దాదాపు ఏమీ మారదు. అడ్డంగా మాత్రం, కోసిన తీరునుబట్టి, 30 సెంటీమీటర్ల వెడల్పు పలక 8 మిల్లీమీటర్లదాకా మారగలదు. ప్లైవుడ్ సంగతి వేరు. దానిలో ఒక పొర పోగులు నిలువుగా, తరువాతి పొర పోగులు అడ్డంగా ఉంటవి కాబట్టి ఒకదానిని ఒకటి కదలనీయవు. కనుక ముడుచుకొనే దూలపు కర్రమీద ముడుచుకొనని ప్లైవుడ్ తొడుగును అంటించినచోట జిగురు పొరమీద లాగుడు పడుతుంది. బండిచక్రంలో పట్టా వదులైనట్టే. చక్రాన్ని కాలువలో నానవేయవచ్చును. విమానపు రెక్కను నానవేయలేము!

ఉన్నత పాఠశాలలో దీనిని చూపడం సులభం. మామిడి పెట్టె చెక్కనుంచి ఒకే కొలత ముక్కలు ఎనిమిది కోయించి, ఏ జిగురుతోనైనా రెండేసి చొప్పున కొద్దిమేర ఒకదానిమీద ఒకటి వచ్చేటట్లు అంటించాలి. రెండు జతలను దారంతో గట్టిగా బిగించి ఆరనివ్వాలి. మిగిలిన రెండు జతలలో అంచులకు మందపు అట్టముక్కలు పెట్టి, నడుమ జిగురు మందంగా నిలిచేటట్లు చేయాలి. వారంరోజులు రాత్రి తడిగోనె క్రింద, పగలు ఎండలో ఉంచి, చివరకు ఒక్కొక్క జతకు డబ్బా కట్టి ఇసుక పోస్తూ ఏది ఎంత బరువుకు ఊడినదో వ్రాసుకొనాలి. వాతావరణం నాలుగు జతలకూ ఒకటే. మొదట ఊడేవి సాధారణంగా మందపు జిగురువే.

అసలు తగవు సరిగ్గా ఇదే. వాతావరణం అన్నింటికీ ఒకటే అయినప్పుడు కొన్ని విమానాలే ఎందుకు విరగాలి? పైగా నిర్మాణశాలలో అతుకులు సరిగా కుదిరి, జిగురు అంతటా పరచుకొని ఉంటే, అవి ఈ లాగుడును భరించవా? హెరవర్డ్ నివేదిక తరువాత జరిగిన మరొక విచారణ ప్రమాదాలకు కారణం తయారీలోని లోపమేనని నిర్ధారణగా చెప్పినది. దానితో ఆగక విమాన నిర్మాణ మంత్రిత్వశాఖవారు ఇంగ్లండులోనే, డెఫోర్డ్ అనేచోట, మస్కిటోలను విప్పి చూచారు. ఆరు రకాల మస్కిటోలలో ఒకే తీరు లోపాలు కనిపించాయి. అవన్నీ హాట్‌ఫీల్డ్, లీవ్స్‌డెన్ కర్మాగారాలలో తయారైనవి. వీటిలో ఒక్కటైనా వర్షాకాలపు గాలిని ఎరుగదు. ఒక్కదానినైనా చెదలు ముట్టలేదు. జిగురు పని ఉండవలసిన స్థాయిలో లేదని పరిశీలకులు వ్రాశారు. విమానం అదుపుతప్పి జరిగిన ప్రమాదాలు తక్కిన ఏ రకంకంటెనైనా మస్కిటోలలో మూడురెట్లు ఎక్కువని ఆనాటి లెక్కలు చూపించాయి.

విజ్ఞానశాస్త్రంలో దీనికంటె చక్కని పరీక్ష ఉండదు. వాతావరణమే కారణమైతే ఆ వాతావరణం తగలని విమానాలలో లోపం ఉండరాదు. లోపం ఉన్నది. కాబట్టి వాతావరణం ఉన్న లోపాన్ని త్వరగా బయటపెట్టినదేగాని, దానిని పుట్టించలేదు. అయినా విమానదళ మంత్రిత్వశాఖ బహిరంగంగా మొదటి నివేదికనే పట్టుకొన్నది: ప్రమాదాలకు ముఖ్యకారణం వాతావరణమే అని. ఎందుచేతనంటే యుద్ధం ఇంకా నడుస్తున్నది, వేలకొలది మస్కిటోలు ఐరోపాలో ఎగురుతున్నవి. “మీ రెక్కలోని జిగురు నమ్మదగినది కాదు” అని చోదకులకు చెప్పడం ఏ సేనానికి ఇష్టం? ఆ ఇబ్బందిని అర్థం చేసుకొనవచ్చును. కాని యలహంకలో ఆ విమానం ఎక్కబోయే కుర్రవానికి కూడ ఆ సమాచారం మీద ఒక హక్కు ఉన్నది. వాతావరణాన్ని నిందిస్తే ఎవరూ బాధ్యులు కారు. నిందను కర్మాగారపు అతుకుమీద పెడితే ఎవరో ఒకరు లేచి, ఆ బల్లదగ్గరకు పోయి, పని సరిదిద్దవలసి వస్తుంది.

ఆ తొందరలో కర్మాగారాలవారి కష్టమూ తక్కువ కాదని చెప్పాలి. పియానో చేసే వడ్రంగి ఒక అతుకుకు గంట తీసుకొనేవాడు. యుద్ధంలో అదే పని క్రొత్తగా నేర్చినవారు, రాత్రింబగళ్ళు వంతులవారీగా చేయవలసి వచ్చినది. జిగురు అతుకులో దుర్మార్గం ఒకటున్నది. రేకులో మేకు లేకపోతే కంటికి కనిపిస్తుంది. రెండు పలకల నడుమ జిగురు చేరలేదన్న సంగతి పైనుంచి ఎంత చూచినా తెలియదు, పగులగొట్టితేనే తెలుస్తుంది. లోపలి దోషాన్ని వస్తువు పగలకుండా ధ్వనితరంగాలతో పట్టుకొనే పద్ధతులు అప్పటికి కర్మాగారాలకు రాలేదు.

చివరకు చేసిన చికిత్స చూడడానికి చిన్నది. రెక్క పైతొడుగు అతుకు వెంబడి, రెక్క పొడవునా, ఒక ప్లైవుడ్ పట్టీ అంటించి నీరు లోపలికి దిగకుండా మూశారు. 47వ స్క్వాడ్రనుకు 1945 ఫిబ్రవరిలో మళ్ళీ మస్కిటోలు వచ్చాయి. ఆ సంవత్సరం బర్మారంగంలో మస్కిటోలు యుద్ధాంతందాకా పనిచేశాయి.

జిగురుమీద ఆనాడు సాగిన పరిశోధన అక్కడితో ఆగలేదు. మస్కిటోకు రెసిను జిగురు అందించినవారిలో ముఖ్యుడు నార్మన్ డి బ్రూయిన్. కేంబ్రిడ్జి దగ్గర డక్స్‌ఫర్డ్‌లో ఆయన స్థాపించిన సంస్థ 1940ల ఆరంభంలోనే లోహాన్ని లోహానికి అతికే రీడక్స్ అనే జిగురును తయారుచేసినది. మస్కిటో తరువాత వచ్చిన డి హావిలాండ్ హార్నెట్‌లో కర్రను లోహంతో కలిపి అతకడానికి అది ఉపయోగపడినది. నేటి బోయింగ్ 787 బరువులో ఇంచుమించు సగం కర్బనపు పోగులను రెసినుతో అతికి చేసిన పదార్థమే. కర్నూలు దగ్గర ఓర్వకల్లులో 2021లో విమానాశ్రయం తెరిచారు. అక్కడ దిగే విమానాలు చూడబోయే విద్యార్థులు, రెక్కకు ఎన్ని మేకులున్నవో లెక్కపెట్టడంతోపాటు, మేకులు లేనిచోట ఏమున్నదని కూడ అడగవచ్చును.

దక్షిణభారతంలోను, తూర్పుభాగంలోను ఆనాడు మరణించి, ఊరూరి శ్మశానాలలో, కంటోన్మెంటు సమాధితోటలలో పూడ్చబడిన సైనికులు, వైమానికులు అనేకులను తరువాత ఒకచోటికి చేర్చారు. అది 1952లో ఏర్పడిన మద్రాసు యుద్ధస్మశానం, నందంబాక్కంలో ఉన్నది. అక్కడ 856 ద్వితీయ ప్రపంచ యుద్ధకాలపు సమాధులు ఉన్నవి. దేహం దొరకని వైమానికుల పేర్లు సింగపూరులోని క్రాంజి స్మారకంమీద చెక్కారు. దక్షిణ, తూర్పు ఆసియాల ఆకాశంలోను, సముద్రాలలోను పోయినవారికి అదే చోటు. ఆ గోడలమీద మొత్తం 24 వేలకు పైగా పేర్లు ఉన్నవి. వాటిలో భారతీయుల పేర్లూ ఉన్నవి. నందంబాక్కంలోని రాళ్ళన్నీ ఒకే కొలత. దళపు చిహ్నం, క్రమసంఖ్య, హోదా, పేరు, మరణించిన తేదీ, తెలిస్తే వయస్సు; దాడిలో పోయినవానికీ, అభ్యాసంలో పోయినవానికీ ఒకే విధంగా చెక్కి ఉంటవి.